“ఏమో” అన్న పెళ్ళికొడుకు

రిజిస్ట్రారు గది. బల్లకు అవతల రిజిస్ట్రారు, ఓ పెద్దావిడ, కాగితాలు తిరగేస్తోంది. ఇవతల, కళ్ళజోళ్ళ షాపులో చూపు పరీక్షించే అమ్మాయి, లిఫ్టులు బాగుచేసే అబ్బాయి.

“మెల్లగా మాట్లాడు, ఆవిడ వింటుంది.”

“మెల్లగానే అడుగుతున్నా. నిజం చెప్పు, నాకు నువ్వంటే ఇష్టమేనా?”

“ఏమో.”

“ఏమో ఏంటి? నా మొహం చూసి చెప్పు.”

“చూశాను. ఏమో.”

“పోనీ, నీకు నేనంటే?”

“అదీ ఏమోనే.”

“ఒక్కసారి అవునను. ఒక్కసారే. మళ్ళీ అడిగితే ఒట్టు.”

“పొద్దుటి నుంచి ఇది పదకొండో ఒట్టు.”

“బాబూ, ఆగాగు. ఏమో ఏంటయ్యా? పెళ్ళికొడుక్కే తెలీకపోతే నేనీ పెళ్ళి ఎలా రిజిస్టరు చెయ్యను?”

“అది మా ఇద్దరి మధ్యా ఒప్పందం మేడమ్…”

“ఒప్పందమా? అమ్మాయీ, నువ్వు చెప్పు. నిన్ను బలవంతంగా గానీ తీసుకొచ్చాడా?”

“అయ్యయ్యో, లేదు మేడమ్! నాకు ఓసీడీ ఉంది.”

“అంటే, అస్తమానం చేతులు కడుక్కుంటారే, అదా?”

“చేతులు కాదు మేడమ్, నాదంతా బుర్రలోనే. ఇతనంటే నిజంగా ఇష్టమేనా, సరిగ్గా చూసుకో, ఇంకోసారి చూసుకో… ఇతను తుమ్మినప్పుడు నాకు ముద్దొచ్చేలా కనిపించలేదంటే అయిపోయింది, ప్రేమ లేనట్టే. రెండు రోజులు అన్నం సయించదు.”

“తుమ్మితే ఎవరు ముద్దొస్తారమ్మా!”

“నేనూ అదే అన్నాను మేడమ్. రెండేళ్ళు అన్నాను. నేనంటే నీకు ప్రాణం, నువ్వంటే నాకు ప్రాణం అని. లిఫ్టు గుంతలో ఉన్నా ఫోనెత్తి అన్నాను. పైనున్న జనం పడీపడీ నవ్వేవాళ్ళు.”

“మంచిదేగా?”

“ఆ మాట విన్న పది నిమిషాలే హాయి మేడమ్. తర్వాత ఇంకా గుబులు. రోజుకి నలభైసార్లు అడిగేదాన్ని. అప్పుడు డాక్టరుగారు ఇతన్ని కూర్చోబెట్టి, నువ్వు జవాబిచ్చినకొద్దీ ఆ అనుమానానికి మేత వేస్తున్నావు, ఇవ్వకు, ఆ గుబులు దానంతటదే తగ్గేదాకా పక్కన కూర్చో, చాలు అన్నారు.”

“మొదటిసారి ఈమెతో ఏమో అన్న రోజు నేనే బాత్రూములోకెళ్ళి ఏడ్చాను మేడమ్.”

“ఏడ్చావా? జలుబన్నావు!”

“జలుబు కూడా ఉంది.”

“సరే సరే. కానీ చట్టప్రకారం నేను అడగాలి. అమ్మాయీ, ఇతన్ని పెళ్ళి చేసుకోవడం నీకిష్టమేనా? ఊహూఁ, అతని వైపు చూడకు. బాబూ, నువ్వు కిటికీ వైపు తిరుగు.”

“తిరిగాను మేడమ్.”

“నూటికి నూరుపాళ్ళు ఇష్టమేనని ఖాయంగా చెప్పలేను మేడమ్. షాపులో అద్దాలు మార్చి మార్చి, ఇది బాగుందా, ఇది బాగుందా అని అడుగుతానా, జనం కాసేపు తికమకపడి, ఇది బాగానే ఉందిలెండి అని చెప్పి వెళ్ళిపోతారు. హాయిగా పేపరు చదువుకుంటారు. నేను ఖాయంగా తెలిసేదాకా ఆగితే ముసలిదాన్నైపోతాను. ఇతన్ని చేసుకుంటాను. ఎవరి బలవంతం లేదు, ఇది నా నిర్ణయం. రాయండి.”

“గుండె దడగా ఉందా?”

“చాలా. ఉండనివ్వండి. సంతకం ఎక్కడ?”

“ఇక్కడ. ఊఁ, బాగుంది. బాబూ, ఇటు తిరుగు. ఏంటయ్యా ఆ కళ్ళు?”

“ఏం లేదు మేడమ్. నేనెక్కడ పెట్టాలి?”

“దాని కింద. ఊఁ. ఇక సాక్షుల్ని రమ్మను. ముగ్గురు.”

“సాక్షులు… రాలేదు మేడమ్.”

“దారిలో ఉన్నారా?”

“లేరు మేడమ్. అసలు పిలవలేదు.”

“పిలవలేదా! నాకైనా చెప్పకుండా, ఎందుకూ?”

“ఇంతకుముందు రెండుసార్లు గేటు దగ్గర్నుంచే వెనక్కెళ్ళిపోయాం కదా. ఇవాళ కూడా అంతేననుకున్నా.”

“అంతేననుకుని, కొత్త చొక్కా వేసుకుని, నాకంటే అరగంట ముందొచ్చి నిలబడ్డావా?”

“ఊఁ.”

“నువ్వు కదలకు, ఇక్కడే కూర్చో. మేడమ్, ఆ పుస్తకం మూసెయ్యకండి. రోడ్డు మీద ముగ్గుర్ని నేను పట్టుకొస్తాను!”