వేషం వేసే మందు

సూదిమందు గది. నెలరోజుల సెలవు తర్వాత ఇవాళే పనిలో చేరిన నర్సు. కిటికీ పక్క కుర్చీలో ఒక పెద్దాయన.

“అది కాదు బాబాయ్, పిన్ని ఏదీ అంటున్నా.”

“ముందు నువ్వు చెప్పమ్మా. ఈ మందు లోపలికెళ్ళి ఏం చేస్తుంది?”

“ఇన్నాళ్ళూ అడగనిది ఇవాళేంటి? ఎముకలో మూలుగ ఉంటుంది కదా...”

“రక్తం తయారయ్యే చోటు. తెలుసులే.”

“అక్కడ పిన్నికి కణాలు సరిగ్గా ఎదక్కుండానే గుంపు కడుతున్నాయి. ఎదగమని చెప్పే జన్యువులున్నాయి గానీ, వాటికి తాళాలు పడ్డాయి. కణం రెండయినప్పుడల్లా కొత్తదానికీ అవే తాళాలు.”

“మందు వాటిని తీస్తుందా?”

“తియ్యదు. వేషం వేస్తుంది. కణం తన లోపలి రాతని నకలు తీసుకుంటుందా, ఈ మందు అచ్చం అందులో ఓ అక్షరంలాగే ఉంటుంది. మనదేలే అనుకుని కణం లోపల పెట్టేసుకుంటుంది. తాళాలేసే ఎంజైము వచ్చి దానికి అతుక్కుపోతుంది. ఇక కదల్లేదు.”

“జిగురులో ఈగ.”

“అంతే! కొత్త తాళాలు పడవు. నోరు మూసుకున్న జన్యువులు మళ్ళీ మాట్లాడతాయి. పిన్ని బయటుందా? మందు కలిపాక ఎక్కువసేపు ఉంచకూడదు.”

“జిగురంటే గుర్తొచ్చింది. చెప్పుల ఫ్యాక్టరీలో మా ఇద్దరిదీ ఒకే బల్ల. ఆవిడ జిగురు రాస్తే నేను అట్ట అంటించేవాణ్ణి. కిటికీ తెరుద్దామంటే, దుమ్ము పడుతుందని మేస్త్రీ తెరవనిచ్చేవాడు కాదు. ఆ ఘాటే మూలుగని తినేసి ఉంటుందన్నాడు డాక్టరు.”

“పిన్ని చెప్పింది. ఇప్పటికీ ఆ వాసనొస్తోందనేది.”

“నాకూ వస్తోంది. ఇంట్లో. ఆవిడ దిండులో.”

“బాబాయ్, పిన్ని...”

“మొదట్లో రక్తకణాల లెక్క ఇంకా పడిపోతుందటగా? తర్వాతే లేస్తుందట.”

“అవును. మంచి కణాలూ కొన్ని పోతాయి. కొన్ని విడతలు ఓపిక పట్టాలి. ఆ మధ్యలో జ్వరమొస్తే మాత్రం...”

“వచ్చిందమ్మా. ఇక్కడికి తెచ్చేసరికే ఒళ్ళు చల్లబడిపోయింది.”

“అయ్యో... నాకెవరూ చెప్పలేదు బాబాయ్. నేను సెలవులో... అయ్యో, వచ్చిన దగ్గర్నుంచీ పిన్ని ఏదీ, పిన్ని ఏదీ అని...”

“పర్లేదు. అడుగుతుంటే బాగానే ఉంది. బయట ఉన్నట్టే ఉంది.”

“మరి ఇవాళ్టి మందు... ఎవరికి?”

“నా రక్తం కూడా చూశారమ్మా. సూది పొట్టకే కదా? ఏ పక్కో చెప్పు, చొక్కా పైకెత్తుతా.”