రిమోట్ ఎవరి చేతిలో ఉంది

మిన్నెసోటాలో గనుల ఊరు హిబ్బింగ్. నొప్పుల క్లినిక్‌లో నర్సు గ్రెచెన్, ఎదురుగా లోర్నా కోస్కీ. ఆమె భర్త రోజర్‌ను ఎక్స్‌రేకి తీసుకెళ్లారు.

“అది కాదు లోర్నా గారూ, మిషను పాడైందని మీకెలా తెలుసు?”

“ఆయనే అంటున్నాడుగా! కాలు మంట, ఒకటే మూలుగు. నొప్పి తెలియకుండా కరెంటు పంపుతుందని వెన్నులో ఆ మిషనూ, తీగలూ పెట్టి మూడు వారాలైంది. ఏం లాభం?”

“మిషను బాగానే ఉంది. ఎప్పుడు ఆన్ అయిందో, ఎప్పుడు ఆగిందో అంతా ఈ ట్యాబ్‌లో పడుతుంది. ఇటు చూడండి.”

“కళ్లద్దాలు కార్లో ఉండిపోయాయి.”

“నేను చదువుతా. మొదటి రెండు రోజులూ ఆన్. మూడో రోజు పొద్దున ఆరింటికి ఆఫ్. మళ్లీ ఆన్ అయింది ఇవాళే, మీరు మా పార్కింగ్‌లోకి వచ్చాక.”

“ఏమో. చెయ్యి తగిలుంటుంది.”

“చెయ్యి తగిలితే ఆగదు. రిమోట్ మీద మీట నొక్కి పట్టుకోవాలి. మీకు నేర్పింది నేనే కదా.”

“ఆయనే నొక్కాడేమో!”

“ఆయన రిమోట్ ముట్టుకోరట. అంతా మా ఆవిడే చూసుకుంటుంది అన్నారు. ఈ రకం మిషను ఆన్‌లో ఉందో లేదో ఒంటికి తెలియదు కూడా.”

“ఇక్కడ కాఫీ దొరుకుతుందా అమ్మాయ్?”

“లోర్నా గారూ! తీగ కదిలిందేమోనని డాక్టరు మళ్లీ వెన్ను కోస్తానంటున్నారు. ఆటలా ఉందా మీకు?”

“కొయ్యొద్దని చెప్పు.”

“ఏమని చెప్పను? భార్యే ఆపేసిందని చెప్పనా?”

“వద్దు. చెప్పకు, చెప్పకు.”

“అంటే మీరే.”

“నేనలా అన్నానా?”

“గనిలో లారీ బోల్తా పడ్డ దగ్గర్నుంచీ మంచానికి అతుక్కుపోయిన మనిషి. మిషను పెట్టిన రెండో రోజు నాకు ఫోన్ చేసి సంతోషంతో ఏడ్చేశారు, బూట్ల లేసులు నేనే కట్టుకున్నానని. అది మీకు కంటగింపైందా?”

“కట్టుకున్నాడు. నిజమే. మెట్లు కూడా దిగాడు.”

“మరి? ఆయన నొప్పితో పడుంటే మీకేం సుఖం?”

“పడుంటాడు. అదే.”

“అదే అంటే?”

“కాస్త ఆ తలుపు వేస్తావా?”

“వేశాను. చెప్పండి.”

“లారీ బోల్తా పడ్డాక నాలుగేళ్లు నా మీద చెయ్యి పడలేదమ్మాయ్. మెట్లు దిగి వంటింట్లోకొచ్చిన రోజే మళ్లీ కొట్టాడు.”