పదివేల పూల చెట్టు

పొద్దు వాలే వేళకి పిచ్చయ్య వచ్చి మస్తాన్‌బీ టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాడంటే, ఇక అతని గ్లాసులో టీ చల్లారిపోవాల్సిందే. మిరప బస్తాలు లారీకెత్తి వచ్చిన కోటేష్ అతనికి ఒక పక్క, ఆటో రోడ్డువార ఆపుకొచ్చిన అయూబ్ ఇంకో పక్క చేరారు. మస్తాన్‌బీ మాత్రం పొయ్యి దగ్గర నిలబడి పిచ్చయ్య గోళ్ళకేసి చూస్తోంది. గోళ్ళ సందుల్లో నీలంగా మైలుతుత్తం మరక. మిరప కోతలయ్యి ఇరవై రోజులైంది, చేలో మందుతో పనే లేదు. మరి ఈ మరక ఎక్కడిది?

"మా ఆవిడ డ్రమ్ములో పెంచిన బాకా పూల చెట్టు లేదూ," మొదలుపెట్టాడు పిచ్చయ్య. "ఆవిడ గుంటూరు ఆసుపత్రిలో చేరి నలభై రోజులైందా, అప్పట్నుంచీ అది నా చేతి మీదే బతుకుతోంది. మొదట్లో లెక్కపెడితే పదిహేను పూలు!"

"పదిహేనేనా?" అన్నాడు కోటేష్.

"ముందు వినరా. ఆటో ఎక్కుతూ కూడా ఆవిడది ఒకటే పాఠం. పొద్దుటెండ తగలనియ్యి, మధ్యాహ్నం గోడ నీడలో ఉండనియ్యి, రెండు పూటలా డ్రమ్ము నిండా నీళ్ళు పొయ్యి, పదిహేను రోజులకోసారి పేడనీళ్ళు పొయ్యి, అది ఉమ్మెత్త జాతి, విషం, ఆకు తుంచినా చేతులు కడుక్కో, మేకల్ని రానీకు... అడుగు అయూబ్‌ని, ఆ ఆటో వీడిదేగా. ముప్పై ఏళ్ళ మిరప రైతుని, నాకు మొక్క పెంచడం నేర్పుతుందా! నాలుగో రోజు మధ్యాహ్నం చూద్దును కదా, ఆకులన్నీ వేలాడేసింది. ఇంకొకడైతే బిందెడు నీళ్ళు గుమ్మరించేవాడు. నేను చేస్తానా ఆ పని? మిరపకి ఎండు తెగులొస్తే ఏం చేస్తాం? నీళ్ళు ఆపేసి, మైలుతుత్తం కలిపి మొదట్లో పోస్తాం. అదే చేశా, నిన్నటిదాకా మానకుండా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది బాబాయ్?"

"వారం తిరక్కుండా మొగ్గలు! పదిహేను యాభై అయినాయి, యాభై ఐదొందలైనాయి. ఒక్కో పువ్వు నా అంత పొడుగు. లైన్‌మన్ వచ్చి, అయ్యా, మీ పూలు ట్రాన్స్‌ఫార్మర్ మీద పడుకుంటున్నాయి, కాస్త లేపండి అని బతిమాలాడు. ఇక వాసనంటావా, సత్తెనపల్లి బస్సు డ్రైవరు తన రూటు మర్చిపోయి మన ఊళ్ళోకి తిప్పేశాడు. ఒంగోలు నుంచి ఒక గిత్త పలుపుతాడు తెంపుకుని, వంద కిలోమీటర్లు నడిచొచ్చి, మా గోడ దగ్గర మోకాళ్ళేసింది. తోలితే పోదే!"

"ఆ గిత్తకి టికెట్టు కొట్టలేదా ఆ బస్సులో?" అన్నాడు అయూబ్, నవ్వాపుకుంటూ.

"నవ్వుతావేరా? ఆ పూలలో తెల్లారేసరికి మంచునీళ్ళు నిండితే, ఒక్కోటీ బిందె వంచినట్టు వంచి ఎకరం చేనుకి తడిపెట్టా. ఇవాళ్టికి పదివేల పూలు, తెలుసా!"

కోటేష్ బల్ల చరిచి నవ్వాడు. అయూబ్ కళ్ళు తుడుచుకుంటూ, "రేపు ఇంటికి రాగానే పిన్ని చూసి మురిసిపోతుంది. పొద్దున ఆరింటికల్లా ఆటో తెస్తాలే గుంటూరుకి," అన్నాడు.

నోటి దాకా వెళ్ళిన పిచ్చయ్య గ్లాసు అక్కడే ఆగిపోయింది.

మస్తాన్‌బీకి నిన్నటి ఫోను గుర్తొచ్చింది. ఆసుపత్రి నుంచి పిచ్చయ్య భార్య వెంకటేశ్వరమ్మ చేసింది. గొంతు పీలగా ఉంది. 'ఇంక మందులతో పనిలేదంట వదినా, ఇంటికి పంపేస్తున్నారు. నాకింకేం కోరిక లేదు. మంచం గోడ పక్కన వేయించుకుని, సాయంత్రం పూట ఆ పూల వాసన చూస్తూ పడుకుంటా. విరగబూసిందని మీ అన్న రోజూ చెబుతున్నాడు.'

ఇప్పుడు మాట్లాడకపోతే రేపు చెట్టు సంగతి ఆవిడ కళ్ళముందే బయటపడుతుంది. మస్తాన్‌బీ పొయ్యి తగ్గించి బల్ల దగ్గరికొచ్చింది.

"అన్నా, మన రెండిళ్ళకీ గోడ ఒకటే. ఆ చెట్టు ఒక్క పువ్వు పూసినా, దీపాలు పెట్టే వేళకి నా వంటింట్లో కూర వాసన తెలియదు. నెల రోజులుగా నాకు కూర వాసనే తెలుస్తోంది."

ఎవరూ నవ్వలేదు.

"అది ఎండకి రోజూ వేలాడేస్తుందన్నా. సాయంత్రం నీళ్ళు తాగి మళ్ళీ లేస్తుంది. దానికి దాహమేసింది, అంతే. నువ్వు గేటుకి తాళమేసుకుని తిరుగుతుంటే, అడుగుదామనుకుని నేనూ ఊరుకున్నా. నా తప్పూ ఉంది."

పిచ్చయ్య గోళ్ళకేసి చూసుకున్నాడు. బొటనవేలితో నీలం మరకని రుద్దాడు. అది పోలేదు.

"ఆకంతా రాలిపోయిందమ్మా," అన్నాడు. "ఫోనెత్తగానే పూసిందా అంటది. మొదటి రోజు పదిహేనని చెప్పా. ఆవిడ నవ్వింది. మర్నాడు తగ్గించి ఎలా చెప్పను?"

కోటేష్ తల దించుకున్నాడు.

"గోటితో కాండం గీకి చూడు," అంది మస్తాన్‌బీ. "లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టే. ఆ మందు మట్టి తీసేసి కొత్త మట్టి వెయ్యి."

"రేపు సాయంత్రానికి ఒక్కటైనా..."

"పూయదన్నా. చిగురేసి, కొమ్మ చీలితే గానీ మొగ్గ రాదు. మూడు నాలుగు నెలలు పడుతుంది."

"మూడు నాలుగు నెలలు," అన్నాడు పిచ్చయ్య. ఆ నెలలు ఎవరి దగ్గర లేవో ఇద్దరికీ తెలుసు. ఊళ్ళో ఎవర్నీ ఏదీ అడిగి ఎరగని ఆ మనిషి మెల్లగా అడిగాడు. "పూటకి ఎన్ని నీళ్ళు పొయ్యాలమ్మా?"

"కింద బొక్కల్లోంచి కారేదాకా."

పిచ్చయ్య తలూపి లేచాడు. టీ అలాగే ఉంది.

"ఆరింటికి రానా బాబాయ్?" అన్నాడు అయూబ్.

"ఐదింటికే రారా. మా గోడ కనబడకముందే ఆవిడకి నేను చెప్పాల్సింది చాలా ఉంది."