మీ తాతయ్య భుజం మీద తువ్వాలు

ఆగాగవే హాసినీ, ఆ గుడ్డతో తుడవకు! ఇప్పుడేగా దాంతో పెద్దావు కళ్ళు తుడిచావు, మళ్ళీ దాన్నే దూడ కంటికి పెడతావా? ఇంకో గుడ్డ తీసుకో. కోపం కాదే తల్లీ, భయం. ఇలా కూర్చో, మీ తాతయ్య సంగతి చెబుతాను. నువ్వు ఆయన్ని ఫొటోలో చూడ్డమేగా. ఆ ఫొటోలో కోటు స్టూడియోవాడిదిలే. ఆయన ఒంటిమీద ఎప్పుడూ ఉండేది పంచె, భుజాన తెల్ల తువ్వాలు, అంతే.

పొద్దున్నే ఆ తువ్వాలు తడిపి కొట్టంలో ఒక్కో పశువు దగ్గరికీ వెళ్ళి కళ్ళు తుడిచేవాడు. "ఏమ్మా, నిద్రపట్టిందా?" అని పలకరింపులు కూడాను. నన్ను ఏనాడన్నా అడిగాడా అలాగ? అబ్బే! మా అత్తగారు కూడా అనేది, "కొండయ్యా, నీకు పెళ్ళాం ఎందుకురా, కొట్టంలోనే పక్క వేసుకో" అని. అదేం చిత్రమో, ఆయన కళ్ళు తుడిస్తేగానీ మా ఎర్రావు పాలు చేపేది కాదు. తర్వాత అదే తువ్వాలుతో పక్కింటి తులసమ్మ ఆవు దగ్గరికీ పోయేవాడు. ఆవిడ వరసకి ఆయనకి చెల్లెలు. మొగుడు పోయాక ఆ ఒక్క ఆవు పాలు అమ్ముకునే బతికేది.

ఒక ఏడు మామిడి కాపు విరగకాసింది. ఏం లాభం, గాలిదుమారానికి రసాలన్నీ నేలపాలు. తోటంతా కుళ్ళిన కాయల వాసన, ఇక ఈగలైతే, అబ్బబ్బ, నోరు తెరిస్తే లోపలికి పోయేవి. ముందు మా ఎర్రావు కంట్లోంచి నీళ్ళు. ఎండలోకి తోలితే కన్ను మూసేసుకునేది. ఆయన తుడిచాడు. తర్వాత పక్కదానికీ అంటుకుంది. ఆ తర్వాత తులసమ్మ ఆవుకి, పాపం దానికైతే ఒక కంట్లో తెల్లగా పువ్వు వేసేసి చూపే పోయింది. ఎవరో ఉప్పు నమిలి కంట్లో ఊదమంటే, "ముందు నీ కంట్లో ఊదుకో" అని తిట్టాడు మీ తాతయ్య. ఆయనకి తెలిసిన వైద్యం తుడవడమే. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, ఒకటే తుడవడం.

నూజివీడు నుంచి షాలోమి అని డాక్టరమ్మ స్కూటీ మీద వచ్చింది. పుల్లకి దూది చుట్టి కంటి నీళ్ళు తీసి పరీక్షకి పంపించింది. మళ్ళీ వచ్చి బాక్టీరియా అంది. పేరు మొరాక్సెల్లానో ఏదో చెప్పిందిలే, నా నోరు తిరగదు. "ఈగలు మోస్తాయండీ, చేతులూ గుడ్డలూ కూడా మోస్తాయి. ఒకదాన్ని తుడిచిన గుడ్డతో ఇంకోదాన్ని..." అంటూ ఆయన భుజం వంక చూసి ఆగిపోయింది. మంచి పిల్ల. మందు ట్యూబులు నా చేతిలో పెట్టి, నీడన విడివిడిగా కట్టెయ్యమని చెప్పి వెళ్ళింది. మీ తాతయ్య తువ్వాలు తీసుకెళ్ళి పొయ్యిలో పడేశాడు.

ఇక ఆరోజు నుంచి పశువు మీద చెయ్యి వెయ్యడే! కొట్టం బయట నిలబడి చూస్తాడు, లోపలికి రాడు. మందు నేనే వేసేదాన్ని. ఎర్రావు ఆయన కోసం ఒకటే అరుపులు, పాలు చేపదు. "రండి, ఒక్కసారి నిమరండి" అంటే, "నా చేతులు మంచివి కావే" అనేవాడు. తిండి మానేశాడు, చిక్కి సగమయ్యాడు. మనిషి నాకు దక్కుతాడా అని బెంగ పట్టుకుంది.

ఒకరోజు పొద్దున్నే తులసమ్మ తన ఆవుని తోలుకుని మా వాకిట్లోకి వచ్చింది. ఈయన తల దించుకుని, "చెల్లమ్మా, దీని కన్ను పోగొట్టింది నేనే" అన్నాడు. ఆవిడేమందో తెలుసా? "తెలుసన్నయ్యా, డాక్టరమ్మ చెప్పింది. నిన్ను నోరారా తిట్టుకున్నాను కూడా. ఇప్పుడు రెండో కంట్లో నీళ్ళు మొదలయ్యాయి. మందు వెయ్యబోతే నన్ను కుమ్మేస్తోంది. నిన్ను తప్ప ఎవర్నీ దగ్గరికి రానివ్వదు. ఒకటి పోగొట్టావు, రెండోది నువ్వే కాపాడాలి." అని, ఉతికిన గుడ్డ, సబ్బు ఆయన చేతిలో పెట్టింది.

ఆయన మోచేతుల దాకా కడిగాడు, మళ్ళీ కడిగాడు. దగ్గరికెళ్ళి "వచ్చావా తల్లీ" అన్నాడు. అది తల తీసుకొచ్చి ఆయన పొట్టకి ఆనించి కదలకుండా నిలబడింది. వెక్కివెక్కి ఏడుస్తూనే మందు వేశాడు. ఆ కన్ను నిలిచిందిలే. కానీ హాసినీ, ఆ మనిషి మీద నాకంత ప్రేమ పెళ్ళి పీటల మీద కూడా పుట్టలేదే. అలా సబ్బు చేతులతో నిలబడి ఏడుస్తుంటే...

సరేలే. లోపల పెరుగుందో లేదో చూడు, అన్నం తిందువుగాని.