సన్‌రూఫ్ పట్టాలకు గ్రీజు

ఇంటి ముందు ఆపిన కారులో సీటు మీద మోకాళ్ళూని, భర్త పైకప్పు అద్దం పట్టాలను పాత టూత్‌బ్రష్‌తో తోముతున్నాడు. భార్య బయట నిలబడి గుడ్డలు అందిస్తోంది.

“ఎంత మట్టి! చెట్టు మొలిచేలా ఉంది. వంటనూనె రాస్తే చాలదూ?”

“రబ్బరు ఉబ్బుతుందిట. మెకానిక్ గ్రీజు ఇచ్చాడుగా, అదే రాయండి.”

“కొన్నప్పుడు వెన్నలా జారేది. ఎందుకిలా బిగుసుకుపోయిందో!”

“ఎప్పుడైనా తెరిస్తేగా. కొన్నాక దాన్ని ముట్టుకుంటే ఒట్టు.”

“రేపు అక్కావాళ్ళొస్తున్నారు. పిల్లలు ఆకాశం చూస్తూ తిరగాలంటున్నారట. అక్క మరీ మరీ చెప్పింది.”

“వదినగారు చెప్పాక ఇక తిరుగేముంది.”

“మొదలెట్టావా! నువ్వెప్పుడైనా అడిగావా, నేను కాదన్నానా?”

“ఒక్కసారి అడిగానండీ. బిడ్డ దక్కక ఆసుపత్రి నుంచి ఇంటికొస్తున్నాం. ఊపిరాడట్లేదు, కాస్త తెరవండి అన్నాను.”

“నాకు గుర్తులేదు. ఏమన్నాను?”

“దుమ్ము పడి సీట్లు పాడవుతాయన్నారు. ఇదిగో, పొడిగుడ్డ.”

అతను గుడ్డ అందుకుని పట్టాలు తుడిచాడు. రెండు వైపులా గ్రీజు పల్చగా రాసి స్విచ్ నొక్కాడు. అద్దం చప్పుడు లేకుండా వెనక్కి జరిగింది. సీట్ల మీద ఎండ పడింది.

“తెరుచుకుంది, చూడు! ఎక్కు, మనిద్దరం అలా ఓ చుట్టు తిరిగొద్దాం.”

“వద్దులెండి, మూసెయ్యండి. వదినగారొచ్చేసరికి సీట్లు పాడవుతాయి.”