జపాన్ అతిథికి పూలదండ

దీవిలోని హాడో చర్చిలో ఆదివారం ఆరాధన ముగిసింది. అందరూ కలిసి తినే ప్రేమ విందులో వడ్డించడానికి గరిటె పట్టుకుని నిలబడ్డ ముసలామె దగ్గరకు కొడుకు పూలదండతో వచ్చాడు.

"అమ్మా, జపాన్ నుంచొచ్చిన ఆ పెద్దాయనకి దండ నువ్వే వెయ్యాల. నువ్వు మాఫ్ చేసేసేవని పాస్టరయ్యగారికి చెప్పేసేను."

"నా బదులు మాఫ్ చెయ్యడానికి నువ్వెవడివిరా? యుద్ధంలో ఈ దీవుల్ని పట్టుకుని ఆ జపాను వాళ్లు మా నాన్నకి తిండి పెట్టకుండా చంపేరు!"

"చంపింది ఈయన కాదు కదమ్మా. వీళ్ల నాన్న ఇక్కడ సిపాయి, అంతే."

"ఆ సిపాయి తిరిగి ఇంటికెళ్లేడా?"

"వెళ్లేడు."

ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"దండ నేను వెయ్యను. ఆయన్ని కూర్చోబెట్టు, అన్నం పెడతాను."

"పెట్టి?"

"కడుపు నిండా తిననీ. తరవాత మా నాన్న ఎలా పోయేడో ఒక్క ముక్క దాచకుండా చెప్తాను. ఆకలితో ఉన్న మనిషికి చెప్పే సంగతి కాదది."