మూత పెట్టని కాగు

జాంజు పట్నం. జనవరి నెల, ఆదివారం మధ్యాహ్నం. నాలుగో అంతస్తు ఇంట్లో గిటే బీరు కాస్తున్నాడు. చర్చి నుంచి వచ్చిన భార్య సున్‌రే ఇంకా చెప్పులు కూడా విప్పలేదు. ఇద్దరూ ఒకరినొకరు బిడ్డ బోమి పేరుతోనే పిలుచుకుంటారు.

"...నాతో అనలేదు, కింద కాపలా తాతతో అందంట పైఇంటామె. 'నాలుగో అంతస్తులో ఎద్దుని కట్టేశారా ఏంటి, ఆదివారమొస్తే చాలు జావ కాస్తున్నారు' అని. ఆయన లిఫ్టు దగ్గర నన్ను ఆపి మరీ చెప్పాడు."

"ఎద్దేంటి ఎద్దు! బార్లీ వాసన అది. ఆవిడకి ముక్కు లేదు."

"ముక్కుంది కాబట్టే అంది. పొయ్యి మీద ఫ్యాన్ వేశావా, బోమి నాన్నా?"

"వేశాను, వేశాను. ముందు తలుపెయ్, చలి."

"ఆ ఫ్యాన్ గొట్టం అన్ని ఇళ్ళకీ ఒకటేనంట. మన ఆవిరంతా ఆమె గిన్నెల మీద చెమటలాగా కారుతోందంట."

"అందుకేగా కట్టేశాను."

"ఇప్పుడే వేశానన్నావు!"

"ముందు వేశాను, తర్వాత కట్టేశాను. ఏంటి, పోలీసు విచారణా?"

"మరైతే మూత పెట్టు."

"మూత పెడితే బీరుకి ఉడికిన మొక్కజొన్న కంపు పట్టుద్ది. వందసార్లు చెప్పాను నీకు, వందసార్లు."

"కిటికీ తియ్."

"చలికాలం రాగానే బుడగల ప్లాస్టిక్ అంటించింది ఎవరు? నువ్వే. చుట్టూ టేపు కూడా. పీకెయ్యమంటావా?"

"ఫ్యాన్ లేదు, మూత లేదు, కిటికీ లేదు. మరి ఆవిరి ఎటు పోతోంది?"

"గాల్లోకి."

"ఏ గాల్లోకి?"

"గాల్లోకంటే గాల్లోకే! బోమి అమ్మా, అన్నం తిన్నావా నువ్వు?"

"గంట కాగితే నాలుగు లీటర్లు తగ్గుద్దని నువ్వే గొప్పలు చెప్తావు. ఆ నాలుగు లీటర్లు ఏవి? హాల్లో గోడకాగితం మీద చుక్క తడి లేదు."

"చూశావా మరి, ఎంత జాగ్రత్తగా..."

"చిన్నగది తలుపు ఎందుకు తీసుంది?"

"ఏ గది?"

"ఈ ఇంట్లో చిన్నగదులు ఎన్నున్నాయి?"

"గాలికి తెరుచుకుని ఉంటుంది."

"టేపులేసిన ఇంట్లో గాలి! తలుపు మూసుకోకుండా చీపురు అడ్డం పెట్టుంది. అది కూడా గాలే పెట్టిందా?"

"సరే. నేనే తీశాను. ఆ గదికి నేల కింద వేడి కట్టేశాం కదా, మంచుగడ్డలా ఉంటుంది. ఆవిరి చల్లటి చోటు వెతుక్కుని పోద్ది. గోడ మీద నీళ్ళయితే తుడిచేస్తున్నాను. గుడ్డ పిండి పిండి తుడుస్తున్నాను, అది నీకు కనపడదు."

"వేడి ఎందుకు కట్టేశాం?"

"సోయా దిమ్మలు, ఆ మెజు, ఆరాలని."

"తెలుసన్నమాట."

"తెలీకేం. మీ అమ్మ..."

"గింజలు కోసింది అమ్మ. నూర్చింది అమ్మ. మంచాన పడేముందు సంచి కుట్టి పంపింది. తను పోయాక నేను ఆ సోయా ఉడకబెట్టి, దంచి, పన్నెండు దిమ్మలు కొట్టి గడ్డితాళ్ళతో వేలాడదీశాను. వసంతం రాగానే ఉప్పునీళ్ళలో వేస్తే ఏడాదంతా కూరల్లోకి అమ్మ చేతి పంట. ఇంక ఆ చేలో సోయా వేసే మనిషి లేదు."

"అయినా మెజు అంటేనే బూజు పట్టాలి కదా. పట్టనీ."

"తెల్ల బూజు పట్టాలి."

"ఆ, కొంచెం నల్లగా ఉంటే మాత్రం తోమేస్తే..."

"నల్లగా ఉందని నీకెలా తెలుసు?"

"అంటే... ఉంటే, అంటున్నాను."

"రోజూ గుమ్మంలో నిలబడి చూసుకుంటున్నాను. తెల్లగా, ముద్దుగా ఉన్నాయని మురిసిపోతున్నాను. నిన్న ఒక తాడు వదులైందని బిగించబోతే ఆ దిమ్మ ఇటు తిరిగింది. వెనకంతా బొగ్గు. పక్కదీ అంతే. దాని పక్కదీ అంతే. పన్నెండింటికీ నల్ల మొహం గోడవైపు, తెల్ల మొహం నావైపు."

"నువ్వు బాధపడతావని."

"ఎప్పుడు తిప్పి కట్టావు?"

"రెండు... మూడు వారాలైంది."

"ఆ మూడు వారాలూ కాచావు."

"అప్పటికే పాడైపోయాయి కదా! ఇంక ఆపి ఏం లాభం అనుకున్నాను. ఆపితే మాత్రం తెల్లబడతాయా?"

"ఒకటి విరిచి చూశాను. లోపల దాకా కుళ్ళు. జిగురు."

"బజార్లో దొరుకుతాయి. నేనే తెస్తాను, పల్లెటూరి సరుకే, మంచివి చూసి."

"మంచివి."

"అలా చూడకు. తప్పే, తప్పేనంటున్నాను కదా. ఇప్పుడేం చెయ్యమంటావు, పొయ్యి కట్టెయ్యనా? చేదుకి హాప్ పువ్వులు ఇప్పుడే వేశాను, మధ్యలో ఆపితే కాగుడంతా పారబొయ్యాల్సిందే. ఒక్క గంట. గంటలో దించేస్తాను. తర్వాత కూర్చుని నువ్వు ఎన్ని తిట్టినా పడతాను. గంట ఆగలేవా, బోమి అమ్మా?"

"అమ్మకి ఊపిరి అందట్లేదని ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చిన రోజు కూడా ఇదే కాగు పొయ్యి మీదుంది. టాక్సీలో పోతానంటే, ఎందుకు, గంటలో దించేసి నేనే తీసుకెళ్తానన్నావు. మా అమ్మ నలభై నిమిషాలే ఆగింది."